విశాఖలో ఉగాది నుంచి చందనోత్సవం దాకా: పన్ను గడువులు, గెడ్డలు, తాబేళ్లు, జాతరలు అన్నీ ఇక్కడే రాయండి

సీతమ్మధార శ్రీను
2025 మార్చి 26, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మార్చి ఆఖరు వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజుకో మెసేజ్ తిరుగుతుంది, అందులో సగం పోయినేడాదివి, ఏది నిజమో తెలియక పెద్దవాళ్లు టెన్షన్ పడుతున్నారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా. మీ వార్డులో ఏం జరుగుతోందో, ఏం జరగాలో ఇక్కడ రాయండి. విన్నది కాకుండా చూసింది రాస్తే ఇంకా మంచిది.

ముందు డబ్బు సంగతి. ఆస్తి పన్ను బకాయిలు ఉన్నవాళ్లకి వడ్డీలో 50 శాతం మాఫీ చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గడువు మార్చి 31. బకాయి మొత్తం, మిగిలిన సగం వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి, విడతలు కుదరవు. అంటే ఇంకా ఐదారు రోజులే ఉన్నాయి, అందులో ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. సర్వర్ మీద ఆఖరి రోజు ఎంత ఒత్తిడి ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి శుక్రవారంలోగా తేల్చేసుకోండి.

బకాయి లేనివాళ్లు ఏప్రిల్ కోసం ఆగండి. కొత్త ఆర్థిక సంవత్సరం పన్ను మొత్తం, అంటే రెండు అర్ధ సంవత్సరాలదీ కలిపి, ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రిబేటు వస్తుంది. ఇది ఏటా ఉండేదే, అయినా చాలామంది వదిలేసుకుంటున్నారు.

మిగతావి మీరు అందుకోండి.


గాజువాక రాజు
మార్చి 26, ఉదయం 9:42

శ్రీను అన్నా, మంచి పని చేశావు. ఒక డౌటు. మాఫీ పన్నులో సగమా, వడ్డీలో సగమా? మా వీధిలో ఒకాయన పన్ను సగం కడితే చాలంట అని అందరికీ చెప్పేస్తున్నాడు. ఇంకొకటి, ఖాళీ స్థలం పన్నుకి కూడా ఇది వర్తిస్తుందా? మా నాన్న పేరు మీద కూర్మన్నపాలెం దగ్గర చిన్న స్థలం ఉంది, దానికి ఎప్పటినుంచి కట్టలేదో కూడా తెలీదు.


ఎంవీపీ సుజాత
మార్చి 26, ఉదయం 11:05

రాజు గారూ, వడ్డీలో సగం మాత్రమే. పన్ను అసలు రూపాయి కూడా తగ్గదు. నేను అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, లెక్క వేసి చూపిస్తాను.

మన దగ్గర పన్ను అర్ధ సంవత్సరానికి ఒకసారి పడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరుది జూన్ ఆఖరులోగా, అక్టోబరు నుంచి మార్చిది డిసెంబరు ఆఖరులోగా కట్టాలి. అది దాటితే నెలకి 2 శాతం వడ్డీ. మీ అర్ధ సంవత్సరం పన్ను 3,000 అనుకుందాం. ఏడాది పాటు కట్టకుండా వదిలేస్తే వడ్డీ 720 అవుతుంది. ఇప్పుడు మాఫీలో అందులో 360 పోతుంది, మీరు 3,360 కట్టాలి. మూడు నాలుగేళ్ల బకాయి ఉన్నవాళ్లకి ప్రతి అర్ధ సంవత్సరం మీదా ఇలా పేరుకుపోయి ఉంటుంది కాబట్టి వాళ్లకే ఎక్కువ లాభం.

మరి ఏటా సరిగ్గా కట్టేవాళ్లకి ఏంటి అంటారా, వాళ్లకే ఆ ఏప్రిల్ రిబేటు. ఏడాదికి 6,000 అయితే 300 తగ్గుతుంది. చిన్న మొత్తమే కానీ, ఎలాగూ కట్టాల్సిన డబ్బు కొన్ని నెలలు ముందు కట్టినందుకు అంత ఏ బ్యాంకూ ఇవ్వదు.

స్థలానికి కూడా వర్తిస్తుంది. కాకపోతే దానికి అసెస్‌మెంట్ నంబరు, అంటే పన్ను కోసం ఆస్తికి ఇచ్చే నంబరు, ఉందో లేదో ముందు చూసుకోండి. మీ జోనల్ ఆఫీసు దగ్గర సౌకర్యం కేంద్రంలో నాన్నగారి పేరు, సర్వే నంబరు చెప్తే వెతికి పెడతారు.


గాజువాక రాజు
మార్చి 26, మధ్యాహ్నం 12:20

చాలా థాంక్స్ సుజాత గారూ. రేపే వెళ్తాను. మా వీధి ఆయనకి మీ లెక్క పంపించేశాను.


మధురవాడ మల్లిక
మార్చి 26, రాత్రి 9:30

నాది రెండు ముక్కలు.

ఒకటి, 30వ తేదీ ఉగాది రోజే మధ్యాహ్నం మూడున్నరకి పీఎం పాలెం స్టేడియంలో ఢిల్లీ, హైదరాబాద్ ఐపీఎల్ మ్యాచ్ ఉంది. మొన్న సోమవారం మ్యాచ్ రోజున సాయంత్రం ఎండాడ నుంచి కార్‌షెడ్ జంక్షన్ దాకా ఎంత సేపు పట్టిందో ఇటువైపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. పండగ పూట కొమ్మాది, భీమిలి వైపు చుట్టాలింటికి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లిపోండి, లేదంటే బీచ్ రోడ్డు మీదుగా రండి. అంబులెన్సు అవసరం పడే పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవాళ్లు ఈ సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి.

రెండోది నా బాధ. మేం ఫ్లాట్ కొని చాలా కాలమైంది, కానీ పన్ను ఇప్పటికీ బిల్డర్ పేరు మీదే వస్తోంది. అడిగితే అదిగో ఇదిగో అంటాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. మా బ్లాకులో చాలామందిది ఇదే పరిస్థితి. కొందరు కడతారు, కొందరు కట్టరు, బకాయి అందరి మీదా కనిపిస్తుంది. దీనికి దారేంటి? ఎవరైనా చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.


అక్కయ్యపాలెం ప్రసాద్
మార్చి 27, ఉదయం 6:55

మల్లిక గారూ, మాకూ ఇదే జరిగింది. బిల్డర్‌ని పట్టుకుని వేలాడటం మానేయండి, ఆయన సంతకం లేకుండానే పని అవుతుంది. రెండు పనులు వేరువేరుగా ఉన్నాయి. బిల్డింగు మొత్తానికి ఒకే అసెస్‌మెంట్ ఉంటే ముందు ఫ్లాటు ఫ్లాటుకీ విడిగా నంబరు రావాలి. విడి నంబరు ఉండి పేరు మాత్రమే బిల్డర్‌ది ఉంటే పేరు మార్పిడి చాలు.

దానికి రిజిస్టరైన దస్తావేజు, లింకు దస్తావేజు, ఆఖరి పన్ను రసీదు, ఆధార్ పట్టుకెళ్లాలి. వార్డు సచివాలయంలో ఇచ్చినా తీసుకుంటారు. బకాయి సున్నా అయ్యి ఉంటేనే ఫైలు కదులుతుంది, అందుకే ఈ వడ్డీ మాఫీ మీకు సరిగ్గా సమయానికి వచ్చింది. బ్లాకు వాళ్లందరూ కలిసి ఒకే రోజు అర్జీలు పెట్టండి. మేం అలాగే వెళ్లాం, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ బిల్డింగుకి ఒకసారి వచ్చి అన్ని ఫ్లాట్లూ ఒకేసారి చూసుకుని వెళ్లారు. విడివిడిగా పెట్టినవాళ్లవి వెనకబడ్డాయి.

రసీదు నంబరు మాత్రం ఫోటో తీసి పెట్టుకోండి.


అనకాపల్లి అప్పారావు
మార్చి 27, ఉదయం 8:15

మమ్మల్ని మర్చిపోకండి, మేమూ జీవీఎంసీలోనే (విశాఖ నగరపాలక సంస్థలోనే) ఉన్నాం. 29వ తేదీ శనివారం కొత్త అమావాస్య. నూకాంబిక అమ్మవారి జాతర ఆ రోజే మొదలు, మళ్లీ అమావాస్య దాకా నెల రోజులు నడుస్తుంది. ఈసారి రాష్ట్ర పండగగా చేస్తున్నారు కాబట్టి జనం ఇంకా ఎక్కువ వస్తారు. విశాఖ నుంచి వచ్చేవాళ్లకి నా సలహా, మొదటి రోజు కాకుండా మధ్యలో మామూలు వారం చూసుకుని రండి, అమ్మవారి దర్శనం నెమ్మదిగా దొరుకుతుంది. ఆదివారాలు మాత్రం పల్లెల నుంచి బళ్ల మీద వస్తారు, వంటలు కూడా అక్కడే, గుడి చుట్టూ అడుగు పెట్టే చోటు ఉండదు.

మా చిన్నప్పటి నుంచీ ఈ జాతర చూస్తున్నాను. గుడి వీధిలో చెత్త బుట్టలు ఎక్కువ పెట్టమని ఈసారి ముందుగానే అడిగాం. మీరు కూడా వచ్చేటప్పుడు స్టీలు గ్లాసు, స్టీలు సీసా తెచ్చుకోండి. మంచినీళ్లకి చలివేంద్రాలు ఉంటాయి, ప్లాస్టిక్ సీసా కొనే పనే లేదు.

పెదవాల్తేరు వాళ్లు కూడా చెప్పండి, మీ పోలమాంబ అమ్మవారి జాతర కూడా ఉగాది తరవాతే కదా.


పెదవాల్తేరు పద్మ
మార్చి 27, సాయంత్రం 5:40

అవును బాబాయ్, కరకచెట్టు పోలమాంబ తల్లి జాతర ఉగాది దాటాకే. తేదీ గుడి దగ్గర బోర్డు మీద చూసుకోవడమే మంచిది, వాట్సాప్‌లో వచ్చేది నమ్మకండి. మా వీధుల్లో ఇళ్లకి సున్నాలు వేయడం మొదలైపోయింది. తొలేళ్ల రాత్రి, అంటే జాతర ముందు రోజు రాత్రి, ఇటువైపు కార్లు తేకండి, నడిచి రండి.


జోడుగుళ్లపాలెం జానకి
మార్చి 28, ఉదయం 7:50

ఈ చర్చలో పన్నుల మధ్య ఒక మంచి కబురు చెప్తాను. తాబేలు పిల్లలు బయటికి వస్తున్నాయి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి వచ్చి రాత్రిపూట ఇసకలో గొయ్యి తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో దాదాపు వంద దాకా ఉంటాయి. అలాగే వదిలేస్తే కుక్కలు తవ్వి తినేస్తాయి, అందుకని అటవీ శాఖ వాళ్లు తెల్లవారకముందే ఒడ్డంతా నడిచి, కాళ్ల జాడ పట్టుకుని, గుడ్లు తీసి కంచె వేసిన హేచరీలో మళ్లీ పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు.

నిన్న పొద్దున మేం వెళ్లేసరికి ఒక గూడు పైన ఇసక కొంచెం కుంగి ఉంది. కాపలా ఆయన ఏమీ ముట్టుకోవద్దన్నారు. కాసేపటికి ఇసకలోంచి నల్లగా ఒక ముక్కు, తరవాత ఒక రెక్క, ఆ వెనకే ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ మిగతావన్నీ. అరచేతిలో సగం కూడా ఉండవు. వాటిని తట్టలో పెట్టి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లారు కానీ నీళ్లలో వదల్లేదు, కాస్త దూరంలో తడి ఇసక మీద వదిలారు. అవి నడిచే వెళ్లాలంట. ఒక పిల్ల మనిషి పాదం గుంటలో పడి పైకి రాలేక ఇసకని తోసుకుంటూ తోసుకుంటూ చివరికి అదే ఎక్కేసింది. మా పాప ఊపిరి బిగబట్టి చూసింది.

చూడాలనుకునేవాళ్లు సూర్యుడు రాకముందే రావాలి. ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు, చేత్తో ముట్టుకోవద్దు, వాటికీ నీళ్లకీ మధ్య నిలబడొద్దు. ఏ రోజు వదులుతారో ముందు రోజు కూడా కచ్చితంగా చెప్పలేరు, అవి వచ్చినప్పుడే. హేచరీ దగ్గర ఉన్న సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పినట్టు నడుచుకోండి.


మురళీనగర్ మూర్తి
మార్చి 28, ఉదయం 10:30

జానకమ్మా, చదువుతుంటేనే వెళ్లాలనిపించింది. నేను మాస్టారుగా పనిచేశాను, మా వీధి పిల్లల్ని తీసుకొస్తాను. ఎంతమందిని రానిస్తారు? ఇంకొకటి, ఈ సీజన్లో చచ్చిపోయిన పెద్ద తాబేళ్లు చాలా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి కదా. ట్రాలర్ల (పెద్ద మరపడవల) వలల్లో పడి ఊపిరాడక పోతున్నాయని చదివాను. పిల్లల్ని ఇక్కడ కాపాడి తల్లుల్ని సముద్రంలో పోగొట్టుకుంటే ఏం లాభం? మత్స్యకారులకి ఎవరైనా చెప్పాలి.


పెదజాలరిపేట సత్యం
మార్చి 28, రాత్రి 8:05

మాస్టారూ, గౌరవంగానే చెప్తున్నాను. మాకు చెప్పక్కర్లేదు. మా ఇళ్లలో తాబేలంటే దేవుడు. వలలో పడితే దండం పెట్టి, వల కోసి తాబేలుని వదిలేస్తాం, వల పోయినా సరే. మేం తీరంలో చిన్న పడవల మీద వేటాడేవాళ్లం. ట్రాలర్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని రూలు ఉంది, వలకి తాబేలు తప్పించుకునే పరికరం పెట్టాలని కూడా ఉంది. ఆ రెండూ గట్టిగా చూస్తే తల్లి తాబేళ్లు బతుకుతాయి, మా చేపా మిగులుతుంది. అందర్నీ కలిపి మత్స్యకారులు అనేస్తే మనసు కష్టంగా ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఇంజిన్ ఉన్న పడవలన్నీ ఆగిపోతాయి. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచికే, కాదనం. కానీ ఆ రెండు నెలలూ ఇల్లు గడవాలి. ప్రభుత్వం ఇచ్చే భృతి ఈసారి 20,000 చేస్తామన్నారు, చేతికి ఎప్పుడొస్తుందో చూడాలి.

ఊళ్లో వాళ్లకి ఒక మాట. నిషేధం టైములో ఫిషింగ్ హార్బర్లో వంజరం, చందువ దొరకడం కష్టం, దొరికినా ఐసు సరుకే. తెప్పల మీద తెచ్చే కవళ్లు, కానాగంతలు తాజావి ఒడ్డునే దొరుకుతాయి, మా ఆడవాళ్ల దగ్గర కొనండి.


మురళీనగర్ మూర్తి
మార్చి 28, రాత్రి 9:15

సత్యం బాబూ, నువ్వు చెప్పింది న్యాయం. ట్రాలర్ల సంగతి విడిగా అనాల్సిందే. ఆ 8 కిలోమీటర్ల రూలు మీద మీరు అర్జీ ఏమైనా పెడితే చెప్పు, మా సీనియర్ సిటిజన్స్ సంఘం తరఫున సంతకాలు చేస్తాం.


జోడుగుళ్లపాలెం జానకి
మార్చి 29, ఉదయం 6:20

మాస్టారూ, పదిమందికి మించకుండా తీసుకురండి. ముందు ఒకసారి మీరు ఒక్కరే వచ్చి సిబ్బందితో మాట్లాడితే బాగుంటుంది.


జ్ఞానాపురం జోసెఫ్
ఏప్రిల్ 3, సాయంత్రం 6:40

ఉగాది అయిపోయింది, ఇప్పుడు గెడ్డల, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువల, మాట ఎత్తాలి. మే నెలలో ఒక్క గట్టి వాన పడితే చాలు, మా వైపు మోకాలి లోతు నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. వానలు మొదలయ్యాక పూడిక తీయడం అంటే దండగ ఖర్చు. తీయాల్సింది ఇప్పుడు, ఏప్రిల్లో, నీళ్లు తక్కువ ఉన్నప్పుడు.

పోయినసారి ఏం జరిగిందో రాస్తాను. కాంట్రాక్టర్ మనుషులు వచ్చారు, జేసీబీతో గెడ్డలోంచి నల్లటి బురద, గోనెసంచులు, ఒక పాత పరుపు కూడా తీశారు. తీసిందంతా గట్టు మీదే కుప్పలు పోశారు. ఆరాక తీసుకెళ్తాం అన్నారు. ఎండకి ఎండి పైన పెచ్చులు కట్టింది కానీ లోపల తడి తడిగానే ఉంది, ఆ వాసనకి కిటికీలు తీయలేకపోయాం. ఈలోగా వాన పడింది. కుప్ప సగం జారి మళ్లీ గెడ్డలోకే పోయింది. బిల్లు మాత్రం పూడిక తీసినట్టే అయి ఉంటుంది.

అందుకని ఈసారి మేం ముందుగానే మొదలుపెట్టాం. వీధి వాళ్లం కలిసి కల్వర్టు నుంచి కల్వర్టు దాకా నడిచి, ఎక్కడ ఎంత పూడిందో ఫోటోలు తీశాం. కర్రకి గుర్తులు పెట్టి లోతు కొలిచాం. వార్డు నంబరు, కరెంటు స్తంభం నంబరు, కొలత రాసి అర్జీ తయారు చేశాం. సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇవ్వాలని ఉంది. అర్జీలో ఒక వాక్యం ప్రత్యేకంగా పెట్టాం: తీసిన పూడికను రెండు రోజుల్లో తరలించాలి, తరలించాక తీసిన ఫోటో చూశాకే పని పూర్తయినట్టు రాయాలి.

ఇలా పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకేం రాయాలి?


కంచరపాలెం కిరణ్
ఏప్రిల్ 3, రాత్రి 8:10

జోసెఫ్ అన్నా, కాంట్రాక్టర్ సంగతి సరే. కానీ ఆ గోనెసంచులు, పరుపు గెడ్డలోకి ఎవరు వేశారు? మా కంచరపాలెంలో రోజూ చూస్తున్నా, చెత్త బండి వీధిలోకి వచ్చి ఈల వేస్తున్నా ఇవ్వరు, రాత్రి పదింటికి కల్వర్టు మీంచి కవరు విసిరేస్తారు. కొబ్బరి బొండాల బళ్లవాళ్లు సాయంత్రానికి డిప్పలన్నీ అందులోకే. ముందు మనం మారాలి, తరవాత అర్జీలు.


జ్ఞానాపురం జోసెఫ్
ఏప్రిల్ 3, రాత్రి 8:55

తమ్ముడూ, నువ్వు చెప్పింది తప్పని అనను. కానీ "ముందు మనం మారాలి" అని ఆగితే ఈ వానాకాలం కూడా మా ఇంట్లో నీళ్లే. మా వీధిలో బియ్యం బస్తాలు అటక మీద పెట్టుకుని బతుకుతున్నారు. విసిరేవాళ్లని ఆపడం, తీసినదాన్ని తరలించడం, రెండూ ఒకేసారి జరగాలి. కల్వర్టుకి రెండు పక్కలా ఇనుప మెష్ వేస్తే విసరడం చాలావరకు ఆగుతుంది, అదీ అర్జీలో పెడతాను. నువ్వు కూడా మీ వైపుది పెట్టు, గెడ్డ ఒకటే కదా, పైన పూడితే కింద మాకు పొంగుతుంది.


కంచరపాలెం కిరణ్
ఏప్రిల్ 3, రాత్రి 9:20

మెష్ ఆలోచన బాగుంది. ఆదివారం మీ వీధికి వస్తా, అర్జీ నమూనా చూపించు.


అక్కయ్యపాలెం ప్రసాద్
ఏప్రిల్ 4, ఉదయం 7:00

జోసెఫ్ గారూ, అర్జీ ఇచ్చే ముందు మీ సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని (వార్డు సౌకర్యాలు చూసేవారిని), శానిటేషన్ సెక్రటరీని కలిసి ఒక కాపీ ఇవ్వండి. పై నుంచి పేపరు తిరిగి వాళ్ల దగ్గరికే వస్తుంది. ముందే తెలిసి ఉంటే వాళ్లు కూడా మీ కొలతలే రాసి పంపుతారు. ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసినట్టు కాకుండా ఉంటుంది.


ఎంవీపీ సుజాత
ఏప్రిల్ 8, ఉదయం 10:10

రిబేటు వివరం. ఈ రోజు ఏడాది పన్ను కట్టేశాను. రాష్ట్ర ప్రభుత్వ సేవల మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009కి "హాయ్" అని పెడితే సేవల జాబితా వస్తుంది, అందులో పురపాలక సేవలు ఎంచుకుని అసెస్‌మెంట్ నంబరు కొట్టాలి. ఏడాది మొత్తం కడుతున్నట్టు చూపించి 5 శాతం తగ్గించిన మొత్తం కనిపించాకే డబ్బు కట్టండి. ఒక అర్ధ సంవత్సరానికే కడితే రిబేటు రాదు. పాత బకాయి ఉంటే ముందు అది కట్టాలి, దాని మీద రిబేటు ఉండదు.

ఫోన్ వాడని పెద్దవాళ్లు సౌకర్యం కేంద్రానికి పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే ఎండ తట్టుకోలేరు.

పన్ను ఏటా ఎందుకు పెరుగుతోందని నన్ను చాలామంది అడిగారు. 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. అందుకే లెక్క ప్రకారం రావాల్సిన మొత్తానికి చేరేదాకా మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. నా అభిప్రాయం అడిగితే, పెన్షన్ మీద బతికేవాళ్లకి ఏటా 15 శాతం చాలా ఎక్కువ. మన పెన్షన్ అలా పెరగదు. ఎన్నికలప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఇది మొదటిది.


గాజువాక రాజు
ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:30

మరి చెత్త పన్ను? మా ఇంటికి పాత బాకీ ఉందని ఒకాయన వచ్చి అడిగాడు.


సీతమ్మధార శ్రీను
ఏప్రిల్ 8, మధ్యాహ్నం 2:05

చెత్త సేకరణకి నెలనెలా తీసుకునే యూజర్ ఛార్జీ పోయిన డిసెంబరు ఆఖరుతో రద్దయిపోయింది రాజూ. ఇంటికి వచ్చి నగదు అడిగేవాళ్లకి ఇవ్వకు. గుర్తింపు కార్డు, రసీదు పుస్తకం చూపించమను. సచివాలయంలో కూడా చెప్పి ఉంచు, ఇంకెవరైనా మోసపోకుండా ఉంటారు.


ఆరిలోవ లక్ష్మి
ఏప్రిల్ 12, ఉదయం 6:30

నీళ్ల సంగతి ఎవరూ రాయలేదేంటి? కొండవాలు వీధుల్లో మాకు కుళాయి వస్తుంది కానీ పైకి ప్రెజర్ ఉండదు. కింద ఇళ్లవాళ్లు కుళాయికి నేరుగా మోటార్లు బిగిస్తారు, పైన మాకు సన్నగా దారంలా వస్తుంది. తెల్లవారుజామున లేచి బిందెలు పట్టుకుంటున్నాం. ప్రైవేటు ట్యాంకర్ ఆయన ఇంకా ఏప్రిల్ సగం కాకముందే రేటు పెంచేశాడు.

దయచేసి కింద ఇళ్లవాళ్లు నీళ్లు వదిలే టైములో మోటారు వేయకండి. సంపులో పడ్డాక పైకి ఎక్కించుకోండి, అప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు. నేను ఎవరి పేరూ రాయడం లేదు, ఎవరి ఇంట్లో వాళ్లకి తెలుసు.


పెదవాల్తేరు పద్మ
ఏప్రిల్ 12, ఉదయం 9:00

లక్ష్మక్కా, మా వీధిలో ఇదే గొడవ ఉండేది. లైన్‌మన్‌ని పిలిచి పై వీధికి వేరే టైములో వాల్వు తిప్పమని అందరం కలిసి అడిగాం. ఇప్పుడు ముందు పైకి, తరవాత కిందకి. సంతకాల కాగితంలో కింద వీధి వాళ్లు కూడా సంతకం పెట్టారు, అందుకే పని అయ్యింది. మీరూ కింద వాళ్లతో ముందు మాట్లాడండి.


సీతమ్మధార శ్రీను
ఏప్రిల్ 16, రాత్రి 7:45

రెండు కబుర్లు. 19వ తేదీ నెలలో మూడో శనివారం, అంటే రాష్ట్రమంతా శుభ్రత కోసం జరిపే స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర రోజు. పోయిన నెల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద అయ్యింది, ఈ నెల ఈ–వ్యర్థాలు. ఇళ్లలో పాడైన ఛార్జర్లు, రిమోట్లు, పాత ఫోన్లు, కాలిపోయిన మిక్సీ మోటార్లు అన్నీ డబ్బాల్లో మూలుగుతుంటాయి కదా, వాటిని మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. వాటిలో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి, డంపింగ్ యార్డులో కాలితే కాపులుప్పాడ చుట్టుపక్కల వాళ్లే ఆ పొగ పీల్చాలి. మీ సచివాలయం దగ్గర ఎక్కడ తీసుకుంటున్నారో ముందు రోజు అడగండి. ఫోన్లు ఇచ్చే ముందు సిమ్ము, కార్డు తీసేయండి.

అదే రోజు కౌన్సిల్లో మేయర్ మీద అవిశ్వాసం సమావేశం కూడా ఉంది. ఈ చర్చలో పార్టీల గొడవ వద్దని నా మనవి. మేయర్‌గా ఎవరున్నా మన కార్పొరేటర్ని అడగాల్సిన గెడ్డ, నీళ్లు, వీధి దీపం మారవు.


కంచరపాలెం కిరణ్
ఏప్రిల్ 19, రాత్రి 9:50

అవిశ్వాసం నెగ్గింది, 74 ఓట్లు పడ్డాయి. ఇక కొత్త మేయర్ని ఎన్నుకోవాలి. కౌన్సిల్ గడువు ఇంకా ఏడాదే ఉంది, ఈ హడావుడిలో వేసవి పనులు ఆగకూడదు.

మా సచివాలయం దగ్గర ఈ–వ్యర్థాలు బాగానే వచ్చాయి. ఒక పెద్దాయన పాత వాల్వు రేడియో తెచ్చి, ఇవ్వాలా వద్దా అని చాలాసేపు నిలబడి, మళ్లీ ఇంటికి తీసుకెళ్లిపోయారు.

జోసెఫ్ అన్నా, మీ అర్జీ ఏమైంది?


జ్ఞానాపురం జోసెఫ్
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:15

జేసీబీ వచ్చింది కిరణ్. మొదటి కల్వర్టు దగ్గర తీసిన పూడిక ట్రాక్టర్ల మీద మర్నాడే వెళ్లింది, ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. రెండో కల్వర్టు దగ్గర మాత్రం కుప్ప అలాగే ఉంది. శానిటేషన్ సెక్రటరీ అమ్మాయి రోజూ వచ్చి చూస్తోంది, ఆ అమ్మాయి పట్టుబట్టబట్టే ఇంతయినా జరిగింది. మెష్ గురించి ఇంకా జవాబు లేదు. రేపు సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి మీ వీధి వాళ్లు కూడా వస్తే బాగుంటుంది.


అడవివరం రమణ
ఏప్రిల్ 25, ఉదయం 5:50

30వ తేదీ బుధవారం అక్షయ తృతీయ, సింహాచలం అప్పన్న స్వామి చందనోత్సవం. ఏడాదికి ఒక్క రోజే చందనం పూత లేకుండా నిజరూప దర్శనం కాబట్టి ఊరు ఊరంతా కదిలి వస్తుంది. చందనం అరగదీత కొద్ది రోజుల ముందే మొదలవుతుంది, దర్శనాలు అయ్యాక రాత్రి అభిషేకం చేసి మూడు మణుగుల చందనం మళ్లీ సమర్పిస్తారు.

కొండ కింద ఉండేవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు. సొంత బండి మీద వస్తే గోశాల జంక్షన్ వైపో, అడవివరం వైపో ఆపేస్తారు, కొండ మీదికి బస్సులే. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో క్యూలో నిలబడకండి, మందులు జేబులో పెట్టుకోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. గంటల తరబడి నిలబడాలి, ఉక్కపోత ఉంటుంది, ఒక్కోసారి రాత్రి గాలివాన కూడా వస్తుంది. నడవలేని పెద్దవాళ్లని బలవంతంగా ఆ రోజే తీసుకురాకండి. స్వామి ఎప్పుడూ అక్కడే ఉంటాడు.

మా కాలనీ కుర్రాళ్లం మజ్జిగ చలివేంద్రం పెడుతున్నాం, సాయం చేయాలనుకునేవాళ్లు మట్టి కుండలు ఇవ్వండి. డబ్బు వద్దు.


పెదజాలరిపేట సత్యం
ఏప్రిల్ 26, రాత్రి 8:30

ఈ రోజు శ్రీకాకుళం జిల్లాలో సీఎం గారు మత్స్యకార భృతి మొదలుపెట్టారు, 20,000. మా వాళ్లలో కొందరి ఖాతాల్లో పడింది, కొందరికి పడలేదు. పడనివాళ్లు ఆధార్‌కి ఏ బ్యాంకు లింకయ్యి ఉందో చూసుకోండి, పాత ఖాతాకి వెళ్లి ఉండొచ్చు. సచివాలయంలో మత్స్య సహాయకుడి దగ్గర జాబితా ఉంటుంది.

రమణ అన్నా, కుండలు మా ఇంటి నుంచి రెండు పంపిస్తాను.


మధురవాడ మల్లిక
ఏప్రిల్ 27, సాయంత్రం 6:00

ప్రసాద్ గారూ, మా బ్లాకు వాళ్లం కలిసి అర్జీలు పెట్టేశాం. మార్చిలో బకాయి కట్టేసినందువల్ల ఎక్కడా ఆగలేదు, ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి ఫ్లాట్లు చూసి వెళ్లారు. పేరు ఇంకా మారలేదు. ఈలోగా ఏప్రిల్ 30 వచ్చేస్తోంది. బిల్డర్ పేరు మీద ఉన్న నంబరుకే కట్టేసి రిబేటు తీసుకోవచ్చా, ఆగాలా?


అక్కయ్యపాలెం ప్రసాద్
ఏప్రిల్ 27, సాయంత్రం 6:40

కట్టేయండి మల్లిక గారూ. పన్ను ఇంటికి పడుతుంది, పేరు తరవాత మారినా కట్టింది ఆ నంబరు మీదే ఉంటుంది. ఆగితే రిబేటు పోతుంది. రసీదు ప్రింటు తీసి మీ అర్జీ కాపీకి జత చేసి పెట్టుకోండి.


ఎంవీపీ సుజాత
ఏప్రిల్ 27, రాత్రి 7:10

ప్రసాద్ గారు చెప్పిందే సరి. 29లోగా కట్టండి, 30న చందనోత్సవం, సర్వరూ బిజీ, రోడ్లూ బిజీ.